ఆరో చేప

థర్మన్ గబ్బార్డ్‌ని పట్టివ్వడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఆయన్ని ఆయనే పట్టిచ్చుకుంటాడు. తప్పు చేసినవాడు తప్పించుకు తిరగడం లోకరీతి. ఈయన మాత్రం తప్పు జరిగిందేమోనన్న అనుమానానికే వెళ్లి, బేడీలు వెయ్యమని రెండు చేతులూ చాస్తాడు. డెబ్బై ఒకటో ఏడు వచ్చినా ఆ జబ్బు తగ్గలేదు. నలభయ్యేళ్లు సర్వేయరుగా జనం భూములు కొలిచాడు కదా, కొలిచీ కొలిచీ చివరికి తనని తానే కొలుచుకోవడం మొదలెట్టాడని మా కెంటకీ కొండల్లో అందరూ అనుకునేవాళ్లు.

నా పేరు నెల్డా. కెటిల్ ఫోర్క్ ఆనకట్ట పక్కన నాకో ఎరల కొట్టుంది. వానపాములు, చిరుచేపలు, గాలాలు, కాఫీ, పొద్దున్నే వేడిగా మొక్కజొన్న రొట్టె అమ్ముతాను. మా చెరువు పొడుగు ఇరవై ఆరు మైళ్లు. అంత నీటిని పట్టుకుని చెరువంటావేమిటని బయటివాళ్లంటారు గానీ, మాకది చెరువే.

థర్మన్ ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో, ఆగి వెళ్లమన్న బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపలేదట. సరాసరి షెరీఫ్ ఆఫీసుకెళ్లాడు. అక్కడున్న కుర్ర డిప్యూటీ అడిగాడు, "ఎవరైనా చూశారా బాబాయ్?"

"నేను చూశాను."

"నువ్వు కాక?"

"కంచె అవతల ఆవొకటుంది."

"ఆవేమైనా ఫిర్యాదు చేసిందా?"

"దాన్నడగలేదు. వెళ్లి కనుక్కురానా?"

డిప్యూటీ దణ్ణం పెట్టి ఇంటికి పంపేశాడు. చలానా రాయలేదన్న దిగులుతో థర్మన్ తన శిక్ష తనే వేసుకున్నాడు. వారం రోజులు బండి తాళం పెట్టేసి నా కొట్టుకి నడిచొచ్చాడు.

ఇంకోసారి డజను చిరుచేపలడిగితే నేను చూసుకోకుండా పదమూడు వేశానట. ఆ పదమూడోదాన్ని జాడీలో పెట్టుకుని తొమ్మిది మైళ్లు వెనక్కొచ్చాడు. పాపం అది దార్లోనే చచ్చిపోయింది. దాంతో ఆయన నేరం రెండింతలైంది.

"నెల్డా, నీ సొత్తు నా దగ్గరుండగా ప్రాణం వదిలింది" అన్నాడు టోపీ తీసి.

"అయితే ఏం చేద్దాం, అంత్యక్రియలు జరిపిద్దామా?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. నామీద ఒట్టు, నిజంగానే ఆలోచించాడు.

ఇంతటి మనిషి ఏ తోటపనో చేసుకుంటే గొడవుండేది కాదు. చేపలు పట్టేవాళ్లలో పడ్డాడు. చేపలు పట్టేవాళ్ల మధ్య నిజం చెప్పేవాడొకడుంటే మిగతావాళ్ల బతుకేం కావాలి?

పైగా అక్టోబరు నెల. అక్టోబరులో బాస్ చేపని పట్టడమెంత కష్టమో పట్టి చూసినవాడికే తెలుసు. నోరు పెద్దది, కోపం ముక్కు మీదుంటుంది. వేసంగిలో అదెక్కడుంటుందో మా ఊళ్లో చంటిపిల్లలు కూడా చెప్తారు. చలిగాలి తగిలిందా, చెరువు తిరగబడుతుంది. పైనీళ్లు చల్లబడి కిందకి దిగుతాయి, అడుగునీళ్లు పైకొస్తాయి, వాటితో కుళ్లిన ఆకుల కంపూ పైకొస్తుంది. చేపలు చెట్టుకొకటి పుట్టకొకటి పోతాయి. ఆనకట్ట వాళ్లు చలికాలానికని నీళ్లు దించేస్తుంటారు. నిన్న హాయిగా పోయిన దారిలో ఇవాళ మొద్దు తగిలి బోటు అడుగు చీరుకుపోతుంది. కొండల మీది ఆకులన్నీ వచ్చి నీళ్లలోనే రాలతాయి, గాలం వేసినప్పుడల్లా ఓ ఎర్రాకు. ఆకులు పట్టడంలో మాత్రం ఆ నెల్లో మావాళ్లంతా మొనగాళ్లే. వీటన్నిటినీ మించిన చిక్కు ఇంకోటుంది. సరిగ్గా అప్పుడే వెండిరంగు చిరుచేపలు లక్షలకొద్దీ గుంపులు కట్టి వాగుల్లోకి ఎక్కుతాయి. ముంగిట్లో అంత విందు పెట్టుకుని, ఆ బాస్ చేప నీ రబ్బరు ముక్కని కన్నెత్తి ఎందుకు చూడాలి?

మా చేపల క్లబ్బు వాళ్లు మహా తెలివైనవాళ్లు కదా, పందెం కూడా ఆ నెల్లోనే పెట్టుకున్నారు. అక్టోబరు ఆఖరి శనివారం, మనిషికో బోటు. పదిహేను అంగుళాలకి తగ్గని చేపలు అయిదంటే అయిదు, ప్రాణంతో తేవాలి. ఆరోది పడితే మళ్లీ గాలం వేసేలోగా ఒకదాన్ని వదిలెయ్యాలి. మధ్యాహ్నం మూడింటికల్లా రేవులో ఉండాలి. గెలిచినవాడికి పొగబెట్టిన పంది తొడ ఒకటి. దానికన్నా ముఖ్యం, నా కొట్టు గోడకి వేలాడే తెడ్డు మీద వాడి పేరు కాల్చి రాస్తాం. ఆ తెడ్డు మీద పేరుంటే చాలు, సమాధి మీద లేకపోయినా ఫర్వాలేదనుకునే జనం మా జనం. పందొమ్మిదేళ్లుగా కాటా దగ్గర కూర్చునేది నేనే.

వరసగా ఆరేళ్లు ఇదే తంతు. అందరూ వేలాడేసిన మొహాలతో, ఒకటీ అరా చేపతో రేవులో దిగేవాళ్లు. థర్మన్ మాత్రం సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ దిగేవాడు. జనమంతా నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఎలా పట్టాడయ్యా బాబూ, ఈ నీళ్లలో, ఈ గాలిలో? నేను కాటా సరిచేసుకుని చెయ్యి చాచేదాన్ని. ఆయన సంచి వెనక్కి తీసుకునేవాడు.

"నెల్డా, ఒక మాట."

ఆ మాట విన్నామంటే చాలు, రేవంతా ఘొల్లుమనేది.

మొదటి ఏడు ఒక చేప పొడుగు పదిహేను అంగుళాలకి వెంట్రుకవాసి తక్కువన్నాడు. నేను కొలిచి సరిపోయిందన్నాను. "నోరు మూయించి కొలువు" అన్నాడు. చేప నోరు మూయిస్తే వెంట్రుకవాసి తగ్గనే తగ్గింది, ఆయన నోరు మాత్రం మూయించలేకపోయాను. రెండో ఏడు మూడు దాటి ఒక్క నిమిషానికొచ్చాడు. "ఒక్క నిమిషమేగా, ఎవడు చూశాడు?" అంటే, "నేను చూశాను" అన్నాడు. మూడో ఏడు ఒడ్డు మీదున్న ముసలాయనెవరో చేపలు ఎటున్నాయో చెప్పాడట. పందెంలో ఉన్నవాడు బయటివాళ్ల మాట వినకూడదని మా నియమం.

"విన్నావు సరే, అటు వెళ్లావా?" అన్నాను.

"లేదు."

"మరింకేం?"

"విన్నది వినలేదని చెవులకి చెప్పలేను కదా."

నాలుగో ఏడు ఇంజను నడుస్తుండగా పెట్టుకు తీరాల్సిన లైఫ్ జాకెట్ బకిలు పెట్టి లేదట, పన్నెండు అడుగుల దూరం. ఆ పన్నెండు అడుగులూ కొలిచాడు కూడా. మిగతా రెండేళ్లవీ చెప్తే మీరు నమ్మరు. ప్రతిసారీ పందెం నుంచి తనని తానే తప్పించుకోవడం, తర్వాతి వాడి పేరు తెడ్డెక్కడం, ఆయన అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టడం. పిచ్చి మారాజు అని నవ్వుకుని ఇళ్లకి పోయేవాళ్లం.

నవ్వినా, ఆయన చేతిలో ఏదో ఉందని నాకు తెలుసు. రెండేళ్ల కిందట అక్టోబరులోనే ఒక మంగళవారం కొట్టు మూసేసి ఆయన బోటెక్కాను, ఆ చెయ్యేమిటో చూద్దామని. చెరువంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతోంది. ఆయన పదకొండు మైళ్లు పైకి, వాగు నీళ్లు చల్లగా దిగే చోటికి పోనిచ్చి ఇంజను ఆపేశాడు. గాలం ముట్టుకోలేదు. చెవి ఒగ్గి కూర్చున్నాడు. కాసేపటికి వాన పడుతున్నట్టు చప్పుడు వినబడింది. పైకి చూస్తే మబ్బు తునక లేదు. చూద్దును కదా, నీళ్ల నిండా చిరుచేపల మూతులే. ఎకరం మేర కుతకుత ఉడుకుతున్నాయి.

"ఇన్నిట్లో నీ ఎరని ఎవడు చూస్తాడు థర్మన్?" అన్నాను గుసగుసగా.

"గుంపులో అన్నీ బాగానే ఈదుతున్నాయి. కుంటేది ఒక్కటే ఉంటే?" అన్నాడు.

గాలం గుంపు మీద వెయ్యలేదు. గుంపు దాటించి వేశాడు. అడుగుదాకా దిగనిచ్చి, రెండుసార్లు ఈడ్చి, ఆపి, మళ్లీ ఓపిక లేనట్టు చిన్నగా కదిపాడు. ప్రాణం పోతున్న చేప అంటే నేనే నమ్మాను. కర్ర విల్లులా వంగింది. గంటలో తొమ్మిది చేపలు, నా కళ్ల ముందు. ఒక్కోదాన్నీ అరచేతిలో నిలబెట్టి, ఊపిరి తీసుకునేదాకా పట్టుకుని, వదిలేశాడు. ఎరల కొట్టు పెట్టి నేను తెలుసుకున్నదంతా ఆ గంటలో నాకు సున్నా అనిపించింది. దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గేసి కాఫీ పోసిచ్చాను.

ఇక నిరుటి పందెం సంగతి. ఎమొరీ స్పర్లాక్ అని, నలభై నాలుగేళ్ల మనిషి, మా రేవులో వాడంత అందంగా గాలం విసిరేవాడు లేడు. ఫిబ్రవరిలో రంపం మిల్లులో కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఏప్రిల్ నుంచి ఎడంచేత్తో మొదలెట్టాడు. ఆ ఎండాకాలమంతా వాడి గాలాలు చెట్లలో, సొంత టోపీలో, ఓసారి తీగ మీదారేసిన పెళ్లాం లంగాలో తగులుకున్నాయి. ఎవడైనా "పాపం" అన్నాడా, వాడి మీదకి కొట్టేట్టు పోయేవాడు. సెప్టెంబరు చివర్లో నా కొట్టులో అందరి ముందూ ఒకే మాటన్నాడు. "ఈ పందెంలో మీ అందరి పక్కనా నిలబడగలిగితే సరి. లేదా ఆదివారం బోటు అమ్మేస్తా."

వాడి పెళ్లాం ట్వైలా మర్నాడొచ్చి కౌంటరు మీద చేతులాన్చింది. "బోటు పోతే పోనీ నెల్డక్కా. బోటుతోపాటు మనిషీ పోతాడు. ఇంట్లోనే ఉంటాడు, కానీ ఉండడు."

ఆ పక్కనే థర్మన్ వానపాములు లెక్కపెట్టుకుంటున్నాడు.

పందెం రోజున అంతకన్నా పాడు వాతావరణం ఉండదు. ముందు రాత్రి చలిగాలి వీచి, పొద్దుటికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అలాంటి రోజున బాస్ చేపకి నోరు కుట్టేసినట్టే. ఇరవై రెండు బోట్లు వెళ్తే పద్నాలుగు వట్టి చేతులతో వచ్చాయి. డెల్మస్ రోర్క్ అయితే రెండు చేపలూ బుట్టెడు ఆకులూ తెచ్చి, ఆకులు కూడా తూచమన్నాడు.

రెండూ నలభైకి ఎమొరీ దిగాడు. సంచి ఎడంచేత్తో ఎత్తి కాటా మీద పెట్టాడు. అయిదు చేపలు. పదమూడు పౌన్ల రెండు ఔన్సులు. నేను రెండుసార్లు చదివాను, నా కళ్లజోడు మీద నాకే నమ్మకం లేక. ట్వైలా రెండు చేతులతో నోరు మూసుకుంది.

మూడింటికి అయిదు నిమిషాలుందనగా థర్మన్ వచ్చాడు. ఎప్పటిలాగే ఓ పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. ఎమొరీ ఆ సంచి వైపే చూస్తున్నాడు. నేను చెయ్యి చాచాను.

"నెల్డా, ఒక మాట."

నవ్వులు మొదలయ్యాయి.

"ఇందులో ఆరున్నాయి."

లెక్కపెట్టాను. ఆరే. అయిదు దాటితే సంచి మొత్తం చెల్లదు, తూచకుండా నీళ్లలో వదిలెయ్యాలి. జనం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. ఎమొరీ పేరు పిలిచాను, పంది తొడ చేతికిచ్చాను. వాడి మొహం వెలిగింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ వెలుగు.

అది అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. డెల్మస్ ఎవరితోనో అననే అన్నాడు, "ముసలాయనకి లెక్క తప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎమొరీకి తెడ్డేమిటి?" నోట్లో నువ్వుగింజ నానదు ఆ మనిషికి. ఎమొరీ విన్నాడు. పంది తొడ బండిలో పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా బోటు తగిలించుకుని వెళ్లిపోయాడు.

అందరూ పోయాక నేను ఒక్కదాన్నీ కొట్టులో కూర్చుని ఆ తెడ్డు వైపు చూశాను. అయిదుకీ ఆరుకీ తేడా తెలీని సర్వేయరా? ఆలోచిస్తూ ఆ ఆరేళ్ల పేర్లూ చదివాను. మొదటిది ఈ డెల్మస్‌దే. ఆ ఏడే పిడుగు పడి వాడి పొగాకు కొట్టం మొత్తం కాలిపోయింది. రెండోది రూబీ నెల్ కూంబ్స్. ఆ వేసంగిలోనే మొగుణ్ణి పాతిపెట్టి, ఆయన బోటేసుకుని ఒంటరిగా పందేనికొచ్చింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఒక్కో పేరు వెనకా ఆ ఏడు ఓ పెద్ద దెబ్బ.

బయటికొస్తే థర్మన్ కుళాయి దగ్గర బోటులో చేపల్ని ప్రాణంతో ఉంచే తొట్టి కడుక్కుంటున్నాడు.

"సర్వేయరు గారూ, ఆరో చేప తొట్టిలోకి ఎలా వచ్చింది?"

"ఆరున్నాయన్నాను. ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి. ఎలా వచ్చిందని అడుగుతున్నా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేనే ఉంచుకున్నాను. రెండింటప్పుడు షుగర్ క్రీక్ వాగు మలుపులో ఎమొరీ అయిదోదాన్ని పైకి లాగడం చూశా. ఎడంచేత్తో, నెల్డా. ఆ తర్వాత నాకు ఆరోది పడింది. వదిలెయ్యాలి. వదల్లేదు."

"ఆ పన్నెండు అడుగుల బకిలు?"

"నా చేత్తోనే తీశా."

"ఒక్క నిమిషం ఆలస్యం?"

"మలుపు వెనకాల ఇంజను ఆపుకుని కూర్చున్నా."

"ఒడ్డు మీద ముసలాయన?"

"నేనే అడిగా. ఆయన చెప్పనంటే బతిమాలాను." తల దించుకున్నాడు. "రూలు నిజంగా తప్పాలి కదా. తప్పకుండా తప్పానంటే అబద్ధమైపోతుంది."

నేను తిరగేసిన బకెట్టు మీద కూలబడ్డాను. గెలవడానికి దొంగాటలాడినవాళ్లని బోలెడుమందిని చూశాను. ఓడిపోవడానికి ఇంత పకడ్బందీగా పాటుపడ్డవాణ్ణి ఈయన్నే చూడ్డం. అదీ ఒక్క అబద్ధం ఆడకుండా. ఆ క్షణంలో ఆయన నా కళ్లకి కొండంత కనిపించాడు. అయినా చెప్పాల్సింది చెప్పాలి కదా.

"డెల్మస్ వాగింది ఎమొరీ విన్నాడు. నువ్వు పెట్టిన భిక్షతో గెలిచాననుకుంటున్నాడు."

థర్మన్ చేతిలోని గొట్టం జారిపోయింది. నీళ్లు ఆయన బూట్ల మీదే పడుతున్నాయి, చూసుకోలేదు. "నేనే పాడుచేశాను. రేపు ఆదివారం. బోటు అమ్మేస్తాడు."

"నీ సంచి ఎంత తూగిందో తెలుసా?"

"చెల్లని సంచి తూచకూడదు. తొమ్మిదో నియమం."

"తూచాను."

"నెల్డా." చర్చిలో ఎవరో బూతు మాట్లాడినట్టు చూశాడు.

"వదిలేముందు బల్ల చాటున తూచాను, ఉండబట్టలేక. ఆరూ కలిపి పది పౌన్ల పద్నాలుగు ఔన్సులు. ఎమొరీవి అయిదే పదమూడు రెండు."

ఆయన పెదాలు కదిపి లెక్కేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. "అంటే నేను అయిదే తెచ్చినా..."

"చిత్తుగా ఓడిపోయేవాడివి."

అంత సంతోషంగా ఓడిపోయిన మొహం నేనెక్కడా చూడలేదు. ఎమొరీ చేపల్ని దూరం నుంచి చూసి తనవే పెద్దవనుకున్నాడు థర్మన్, ఆరేళ్ల అలవాటు కొద్దీ. "పద" అన్నాడు తడి బూట్లతోనే.

"ఎక్కడికి?"

"ఫిర్యాదు ఇవ్వాలి. నా మీద నేనిస్తా. నీ మీద నువ్విచ్చుకోవాలి."

మేం వెళ్లేసరికి ఇంకా పొద్దుంది. ఎమొరీ పెరట్లో బోటు పక్కన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద 'అమ్మకానికి' అని ఎడంచేత్తో సగం రాశాడు. ట్వైలా గుమ్మంలో ఉంది.

"ఎమొరీ, ఒక మాట" అన్నాడు థర్మన్. "ఆరోది పొరపాటు కాదు. నువ్వు గెలవాలని కావాలనే ఉంచుకున్నా."

ఎమొరీ దవడ బిగుసుకుంది. "నీ జాలి నాకక్కర్లేదు బాబాయ్. ఇక్కణ్ణించి వెళ్లు."

"అక్కర్లేదని చెప్పడానికే వచ్చా. నీకు దానం చేద్దామని జేబులో చెయ్యి పెట్టుకుంటే నా జేబే ఖాళీ. ఆరూ కలిపినా నీకన్నా రెండు పౌన్లు తక్కువ."

వాడు నా వైపు తిరిగాడు. "తూచకూడదు కదా అది."

"కూడదు. తూచాను" అన్నాను. "నా మీద ఫిర్యాదు చేసుకోడానికే నేనూ వచ్చా. నువ్వే రాసుకో, ఆ అట్ట ఉందిగా."

ఎమొరీ అట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు, తడిసి ముద్దయిన థర్మన్ బూట్ల వైపు చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటపడింది. బోటు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. ట్వైలా చేతిగుడ్డతో కళ్లు తుడుచుకుంది.

థర్మన్ మాత్రం నవ్వలేదు. ఒకడుగు ముందుకేసి, బళ్లో పిల్లాడు మాస్టారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "ఇరవయ్యేళ్లుగా గాలిస్తున్నా, షుగర్ క్రీక్‌లో నాకు రెండు పౌన్లు దాటిన చేప తగల్లేదు. అందులోనూ ఇలాంటి రోజు. ఏం ఎర వేశావు ఎమొరీ?"

ఎమొరీ నవ్వాపి, తీరిగ్గా బోటు మీద పట్టా కప్పడం మొదలెట్టాడు. ఎడంచేత్తో ముడి బిగించాడు.

"చెప్పను బాబాయ్" అన్నాడు. "వచ్చే అక్టోబరుకి నాక్కావాలి."